మంచు మీదికి పోయే ఆరుగురు

మీరు ఆరుగురూ అమ్ముడుపోయారు. పైసలకు అమ్ముడుపోతే ఇంట్లో నాలుగు గింజలన్నా ఉండేవి. మీరు మంచుకు అమ్ముడుపోయారు. జయదుర్గ మిల్లులో నూలు వడికే రింగుఫ్రేము హాలులో మూడు వందల మంది చేతులెత్తి ఎన్నుకున్న పెద్దమనుషులు మీరు. కాళ్ళకు చెక్కలు కట్టుకుని కాశ్మీరు కొండ మీంచి జారడానికి స్వెటర్లు కొనుక్కున్నారు. మీ వెనక ఇక్కడ ఏం జరుగుతుందో తెలిసే కొనుక్కున్నారు. అడిగేవాడు లేడనుకున్నారు. ఆ మూడు వందల చేతుల్లో నాదీ ఒకటి, నేను అడుగుతున్నాను.

ఎట్లా మొదలైందో చెబుతాను.

జనవరిలో ఒకరోజు వెల్ఫేర్ ఆఫీసర్ రాజేశ్వర్ రావు క్యాంటీన్‌లోకి వచ్చాడు. సుబేదారిలోని తన బంగళా విడిచి క్యాంటీన్ బెంచీ మీద కూర్చునే మనిషి కాదు. ఆరోజు కూర్చున్నాడు. చాయ్ కూడా తాగాడు. జేబులోంచి ఒక రంగు ఫొటో తీసి కార్మికుల కమిటీ పెద్దలు ఆరుగురి ముందర పెట్టాడు. తెల్లటి కొండ, దాని మీద ఎర్ర స్వెటర్ మనిషి, కాళ్ళకు రెండు పొడుగాటి చెక్కలు, చేతుల్లో రెండు కర్రలు.

"సేటుగారి చిన్నబ్బాయి గుల్మార్గ్‌లో గెస్ట్‌హౌస్ పెట్టాడు. మిల్లుకు ఇన్నేళ్ళు సేవ చేసినవాళ్ళను ఒక్కసారి తీసుకురమ్మన్నాడు. రానుపోను పది రోజులు. అందులో మంచు మీద మూడు రోజులు. స్కీయింగ్ అంటారు దీన్ని. నేర్పే మనిషి కూడా అక్కడే ఉంటాడు. ఖర్చంతా మిల్లుదే."

కమిటీలో నోరున్నవాడు రాయమల్లు. తొర్రూరు మనిషి. ఫొటోను అటూ ఇటూ తిప్పాడు.

"గీ మంచు కోసం గంత దూరం ఎందుకు సార్? జర మా హాలులకు రాండ్రి. గంటసేపు నిలవడితె నెత్తి మీద సేరు మంచు పడ్తది."

"అది దూదయ్యా."

"దూదే సార్. దాన్నే పీలుస్తానం, దాన్నే దగ్గుతానం."

అందరూ నవ్వారు. రాజేశ్వర్ రావు కూడా నవ్వాడు. నవ్వనిది కమిటీ పెద్ద సారంగపాణి ఒక్కడే. ఆయన ఫొటోను చూస్తూ ఉండిపోయాడు.

ఆయన సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రింగుఫ్రేము హాలులో కిటికీలు తెరవరు. గాలి పొడిబారితే దారం తెగుతుందని పైనుంచి నీళ్ళు తుంపరగా చల్లుతూనే ఉంటారు. మే నెలలో ఆ హాలు మూతపెట్టిన ఇడ్లీ పాత్ర. మనుషులు లోపల ఉడుకుతారు. సారంగపాణి అందులో ఇరవై ఏళ్ళకు పైగా నిలబడ్డాడు. తెగిన పోగు అతికి, అతికి, వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. చలి అంటే ఆయనకు ఆశ. శివనగర్‌లో ఇంటిముందు వేపచెట్టు కింద మంచం వేసుకుని డిసెంబరులో కూడా దుప్పటి కప్పుకోడు. అటువంటి మనిషికి మంచుకొండ చూపించారు. ఎవరికి ఏది చూపించాలో మేనేజిమెంటుకు బాగా తెలుసు.

ఇక తయారీ మొదలైంది. చౌరస్తాలో చలికాలం కూర్చునే నేపాలోళ్ళ దగ్గర ఆరు స్వెటర్లు, ఆరు మంకీ టోపీలు కొన్నారు. అక్కడ అన్నం దొరుకుతుందో లేదోనని సకినాలు చేయించారు. మామిడికాయ తొక్కు సీసాలకు గుడ్డ కట్టారు. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీలో దిగాలా, దిగకుండా పోయే బండి ఉందా అని రోజూ ఒక తగాదా. ఎక్కువ తగాదా మాత్రం జారడం గురించే. జారితే ఆగేదెట్లా?

చివరికి సెలవురోజున దూది గోదాములో ప్రాక్టీసు పెట్టారు. విప్పిన బేళ్ళ దూదిని కుప్పపోసి, దారపు కండెల పెట్టెల చెక్కలు ఊడదీసి, పాత దారంతో కాళ్ళకు కట్టుకున్నారు. రాయమల్లు ముందు ఎక్కాడు. రెండు అడుగులు జారి దూదిలో తలకిందులుగా దిగబడ్డాడు. కాళ్ళు పైన, చెక్కలు పైన. వాచ్‌మన్ కూడా కడుపు పట్టుకుని నవ్వాడు.

"మోకాలు వొయిందానే మామా? ఫికర్ చెయ్యకు, నీ మిషను నేను జూస్కుంట," అన్నాడు కట్టయ్య.

కట్టయ్య రాయమల్లుకు బదిలీ. బదిలీ అంటే మిల్లు తెలియనివాళ్ళకు చెప్పాలి. పర్మినెంటు మనిషి రాని రోజు అతని మిషను దగ్గర నిలబడేవాడు బదిలీ. పర్మినెంటు వస్తే బదిలీకి పని లేదు. తెల్లవారి మిల్లు సైరన్ కూతకు ముందే టిఫిన్ గిన్నెతో గేటు దగ్గర నిలబడాలి. లోపలి మనిషికి జ్వరం వస్తే బయటి మనిషికి అన్నం. దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియని బతుకు అది.

మా మిల్లులో ఇంకో ఆనవాయితీ ఉంది. పర్మినెంటు మనిషి తన బదిలీని తానే పేరు పెట్టి చెప్పుకోవాలి. అట్లా ఆయన పేరు చెప్పిన బదిలీ అన్నిట్లో ఆయన బదులే. ఆయన మిషను, ఆయన చాయ్ కప్పు, ఆయన కమిటీ మెంబరైతే కమిటీలో ఆయన కుర్చీ కూడా. మనిషి లేడన్న సాకుతో మేనేజిమెంటు మీటింగులు ఎగ్గొట్టకుండా కార్మికులే కొట్లాడి తెచ్చుకున్న పద్ధతి ఇది. దీని గురించి మనం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అవతలివాడు దీన్ని ఎట్లా వాడుకోగలడో ఒక్కరమూ ఆలోచించలేదు.

సారంగపాణికి బదిలీ గౌస్ పాషా. కరీమాబాద్ మనిషి. ఎనిమిదేళ్ళుగా బదిలీగానే ఉన్నాడు. పది రోజులు వరసగా పని దొరుకుతుందని మొదట అతను సంబరపడ్డాడు. స్వెటర్ బేరం చేసింది కూడా అతనే.

ప్రయాణానికి ఇంకా రెండు రోజులుందనగా హాలు మేస్త్రీ మొండయ్య అతన్ని పక్కకు పిలిచాడు.

"పాషా, బుధవారం పెద్దాఫీసుల మీటింగున్నది. సారంగపాణి కుర్చీల నువ్వు కూసోవాలె. చెప్పిన కాడ సంతకం పెట్టి, చాయ్ తాగి రావాలె."

"ఏం మీటింగు మేస్త్రీ?"

"ఇప్పుడు ఒక్కొక్కడు రెండు మిషన్లు జూస్తాండు. ఇగ నాలుగు జూడాలె. యాడాది సంది మీ పెద్దమనుషులు ఒప్పుకుంటలేరు గదా. అదే."

"గట్లయితె లోపలున్నోళ్ళల్లనే సగంమంది ఎక్కువైతరు. మరి బదిలీలతోటి పనేముంటది?"

"నన్నడిగితె నేనేం జెప్త? సంతకం పెట్టనంటె మాత్రం ఎల్లుండి సంది గేటు కాడ నీ దిక్కు చూడద్దని నాకు జెప్పిండ్లు." మొండయ్య కోపంగా అనలేదు. ఎవరో టైమ్ అడిగితే చెప్పినట్టు చెప్పాడు. అతను కూడా అలసిపోయినవాడే.

గౌస్ పాషా ఇంటికి పోయాడు. ఆ తర్వాతిదంతా అతని నోటే విన్నాను. భార్య సుగ్రా బేగం చేటలో ఆకులు పెట్టుకుని బీడీలు చుడుతోంది. విన్నది. చేయి ఆపలేదు.

"పెడితె?" అంది.

"పనిపోతది. నాదొక్కటే కాదు, అందరు బదిలీలది."

"పెట్టకుంటె?"

"నాదొక్కటే పోతది."

ఆమె ఇంకో బీడీ చుట్టి దారం కట్టింది. "ముంతాజ్ అబ్బా," అని బిడ్డ పేరుతో పిలిచింది, "గీ ముచ్చట సారంగన్నకు తెల్సా?"

"తెల్వది. తెలిస్తె పోతడా?"

"పోయి అడుగు. ఊకె నువ్వే అనుకోకు."

పొద్దు గుంకకముందే అతను శివనగర్ పోయాడు. సారంగపాణి అరుగు మీద కొత్త స్వెటర్ వేసుకుని, పొడుగు సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు. మెడ దగ్గర చెమట కారుతోంది.

"రా పాషా. చేతులు కురచ అయినయా?"

"మంచిగనే ఉన్నయన్నా." గౌస్ పాషా అరుగు అంచున కూర్చున్నాడు. "బుధవారం మీటింగున్నదట. నాలుగు మిషన్ల లెక్క. నీ కుర్చీల నన్ను కూసోమంటాండు మొండయ్య."

సారంగపాణి స్వెటర్ విప్పాడు. మడత పెట్టాడు. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

"తెల్సు," అన్నాడు.

"తెల్సా?"

"తెలవకేంది. ఊకెనే రాజేశ్వర్ రావు మన బెంచి మీద కూసోని చాయ్ తాగుతడా?"

సారంగపాణి మళ్ళీ అందుకున్నాడు. అతని వైపు చూడకుండా మాట్లాడాడు.

"యాడాది సంది వద్దంటాన పాషా. వాళ్ళు అడుగుతనే ఉన్నరు, నేను వద్దంటనే ఉన్న. ఒకనాడు బెదిరిస్తరు, ఒకనాడు బతిమాలుతరు. మనోళ్ళేమో మీటింగు పెడితె పదిమంది రారు. ఆఖరికి అయ్యేది ఎట్లయినా అయితది. నా చేత్తోటి మాత్రం నేను పెట్టలేను. నేను లేనప్పుడు అయిపోతె అయిపోనీ అనుకున్న. మూడు రోజులు చల్లగ ఊపిరి తీసుకొని వస్త అనుకున్న."

"నీ చేత్తోటి వద్దు. నా చేత్తోటి అయితె ఫర్వాలేదా అన్నా?"

సారంగపాణి స్వెటర్‌ను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఎనిమిదేండ్లల నువ్వు రానినాడు నేను ఒక్కనాడన్న తప్పిన్నా? మీ అమ్మ సచ్చిపోయిననాడు మా ఇంట్ల పిల్లకు జ్వరముంటె ఇడిసిపెట్టొచ్చి నీ మిషను కాడ నిలవడ్డ. ఎల్లుండి నిలవడను. నాకు చాతగాదు."

"మొండయ్య నిన్ను మల్ల గేటు లోపలికి రానియ్యడురా."

"సంతకం పెట్టినంక రానిస్తడా?"

లేచి వెళ్ళిపోయాడు. మిగిలిన ఐదుగురు బదిలీలను మరుసటి రోజు హోటల్ దగ్గర కలిశాడు. బదిలీ కూతకు నిలబడకపోతే పర్మినెంటుకు సెలవు లేదన్నది మేనేజిమెంటు రాసుకున్న రూలే. ఆరుగురు బదిలీలూ నిలబడకపోతే ఆ ఆరుగురు పెద్దమనుషులూ పోలేరు, బుధవారం వాళ్ళ కుర్చీల్లో వాళ్ళే కూర్చోవాలి. ఇదీ అతను చెప్పింది. నలుగురు సరేనన్నారు. సంతోషంగా అనలేదు. కట్టయ్య ఒక్కడు కప్పు దించి, "పది రోజుల పని భాయ్. ఇంట్ల చూడాలె గదా," అని లేచాడు. ఎవరూ ఆపలేదు.

ఇవాళ తెల్లవారి కూతకు ఏం జరిగిందో గేటు దగ్గర ఉన్నవాళ్ళంతా చూశారు. రైలు సాయంత్రం. ఆరుగురూ ఇంటిదగ్గర్నుంచి సూట్‌కేసులతో వచ్చి, సెలవు ఖాయం చేసుకోవడానికి గేటు పక్కన నిలబడ్డారు. మొండయ్య పిలిచాడు. "రాయమల్లు బదిలీ." కట్టయ్య తల వంచుకుని లోపలికి పోయాడు. అతన్ని తిట్టకండి. ఆకలి ముందర ఎవడూ పెద్దమనిషి కాదు. "సారంగపాణి బదిలీ." గౌస్ పాషా ముందుకు రాలేదు. అక్కడే ఉన్నాడు, టిఫిన్ గిన్నె చేతిలోనే ఉంది, కదలలేదు. తరవాత పిలిచిన నలుగురూ కదలలేదు.

మొండయ్య నుదురు రుద్దుకున్నాడు. "ఏమొయ్ సారంగపాణి, గీ మనిషి కాకుంటె ఇంకో మనిషి. గేటు ముందర వందమంది ఉన్నరు. మధ్యాహ్నం కూత దాక ఆగుత. ఎవల పేరన్న చెప్పు, సెలవు రాస్త. మీ నలుగురు గూడ."

గేటు ముందు వందమంది నిజంగానే ఉన్నారు. కొందరు తమ పేరు చెబుతాడేమోనని మెడలు చాచి చూస్తున్నారు. నాకు ఏడుపు వచ్చింది. కానీ చాచినవాళ్ళ మీద నాకు కోపం లేదు.

సారంగపాణి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచి కూర్చునే ఉన్నాడు. గౌస్ పాషా రోడ్డు అవతల కూర్చున్నాడు. రాయమల్లు ఒక్కడు అటూ ఇటూ తిరుగుతున్నాడు, అతని నోట్లో మాట లేదు. ఇది రాస్తున్నప్పటికి మధ్యాహ్నం కూత కాలేదు.

సారంగపాణీ, నువ్వు అలసిపోయావని అందరికీ తెలుసు. మేమూ అలసిపోయాం. అలసినవాడు కూర్చోవచ్చు, పండుకోవచ్చు, ఏడవవచ్చు. తన బదులు ఇంకొకడి మెడను మాత్రం పెట్టకూడదు. కూత అయ్యేలోపల లే. ఎవరి పేరూ చెప్పకు. మిగిలిన నలుగురికీ చెప్పకండని చెప్పు. రాయమల్లూ, నీ సెలవు నువ్వే రద్దు చేసుకో, కట్టయ్యకు కూడా మొఖం మిగులుతుంది. టికెట్లు రాజేశ్వర్ రావు బల్ల మీద పెట్టి రండి. బుధవారం మీ ఆరు కుర్చీల్లో మీరే కూర్చోండి. నాలుగు మిషన్లు చూడం అని మీ నోటితోనే చెప్పండి. ఆ మాట తర్వాత రెండో మాటగా గౌస్ పాషా పేరు ఎత్తండి. ఎనిమిదేళ్ళ బదిలీలను పర్మినెంటు చేసేదాకా ఆ గది నుంచి లేవకండి. హాలులో ఉన్నవాళ్ళారా, ఈసారి పదిమంది కాదు, అందరూ ఆఫీసు ముందుకు రండి.