గీత దగ్గరి ఫొటో

“చెరిగిపోయిందా, చెరిపేశావా? రెండింటికీ తేడా ఉంది మరదలా!”

నర్సు వదిన పరుగుపందెం బూట్లయినా విప్పకుండా స్టూడియో మధ్యలో నిలబడి అడిగింది. వార్డు ఆ చివర మంచం మీద మూలుగుతున్నవాడు కూడా లేచి కూర్చునే గొంతు ఆవిడది. ఎదురుగా కుర్చీలో, మెడలో పతకంతో, కండక్టర్ చెల్లెలు. ఇద్దరికీ మధ్య ఫ్లాషమ్మ. పదిమంది చేరిన ప్రతిచోటా కెమెరాతో ప్రత్యక్షమవుతుంది కాబట్టి ఊరందరికీ ఆమె ఫ్లాషమ్మే. నర్సు ఆమె మొగుడికి అక్క, కండక్టర్ ఆమె తోడబుట్టిన చెల్లెలు. ఇక ఆమె అవస్థ చెప్పేదేముంది, అడకత్తెరలో పోకచెక్క.

జరిగింది ఇది. ఆ రోజు ఉద్యోగినుల ఆటలపోటీల్లో ఇద్దరూ నాలుగువందల మీటర్ల పందెం పరిగెత్తారు. గెలిచిన ఒక్కరే పై పోటీలకు వెళ్తారు. మిగతావాళ్ళంతా మలుపులోనే చల్లబడ్డారు కానీ వీళ్ళిద్దరూ భుజాలు రాసుకుంటూ వచ్చి ఒక్కసారే గీత దాటారు. జడ్జి కళ్ళు చికిలించి, గొంతు సవరించుకుని, కండక్టర్ గెలిచిందన్నాడు. పతకం వెయ్యడం కూడా అయిపోయింది. ఫొటో చూడాల్సిందేనని నర్సు పట్టుబట్టింది. న్యాయమైన మాటే, గీత పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని టపటపా తీసిన మనిషి ఉంది కదా! తీరా ఆ మనిషి కెమెరా తెరిస్తే, చెల్లెలు పతకం వేయించుకుంటున్న ఫొటోలు నాలుగు తప్ప కార్డులో ఇంకేమీ లేవు, జేబులోని రెండో కార్డేమో ఖాళీ. అప్పుడు నర్సు మైదానమంతా వినబడేలా అనేసింది: “చెల్లెలి కోసం ఫొటో మింగేసింది, దొంగ!”

పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఫ్లాషమ్మను అత్తింట్లో మొండిదన్నారు, మతిమరుపు మాలోకం అన్నారు, కూరలో ఉప్పు వెయ్యడం రాదన్నారు. అన్నీ నిజాలే కాబట్టి ఆమె ఏనాడూ బాధపడలేదు. దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు. నలుగురి ఇళ్ళలో వేడుకలు నమ్మకంగా తీసిపెట్టే మనిషికి ఆ ఒక్క మాట చాలు, బతుకు బజారున పడటానికి. ఆ ఫొటో దొరికితే తప్ప ఈ మచ్చ పోదు.

“అసలెలా చెరిగిందోయ్?” అన్నాడు మొగుడు. అక్క వైపు చూస్తే పెళ్ళానికి కోపం, పెళ్ళాం వైపు చూస్తే అక్కకు కోపం. అందుకని సీలింగు ఫ్యాను వైపు చూస్తూ అడిగాడు.

“నాకేం తెలుసండీ! ఆ కార్డు తీసి భద్రంగా ఎడమ జేబులో పెట్టాను.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట అంటూనే ఆమె జేబులు తడుముకుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ కలిపి ఒకటే జేబుల కోటు. పనికి ఎవరు వెళ్తే వాళ్ళు తొడుక్కుంటారు. దానికో నియమం పెట్టుకున్నారు: నిండిన కార్డు ఎడమ జేబులోకి, ఖాళీది కుడి జేబులోకి. కుడి జేబులోంచి వచ్చిన కార్డును పరీక్షించే పనే లేదు, కెమెరాలో పెట్టి ఫార్మాట్ కొట్టి మొదలెట్టడమే. ఏ పెళ్ళిలోనూ ఆ నియమం వాళ్ళను మోసం చెయ్యలేదు. అయితే పందెం అవ్వగానే వాన దంచేసింది. కోటు పైవైపు తడిసి ముద్దయింది. అది రెండు వైపులా వేసుకునే రకం, జేబులూ రెండు వైపులా తెరుచుకుంటాయి. తెలివిగలది కాబట్టి ఫ్లాషమ్మ దాన్ని తిరగేసి తొడుక్కుంది.

“ఏమండీ, కోటు తిరగేస్తే ఎడమ జేబు కుడికొస్తుంది!” అని అరిచింది. “నిండిన కార్డునే ఖాళీదనుకుని నా చేత్తో నేనే తుడిచేశాను!”

“కథలు బాగానే అల్లుతున్నావు,” అంది నర్సు.

“కథ కాదు వదినా, దొరుకుతుంది! దేవుడి దయవల్ల ఆ తర్వాత నాలుగే తీశాను!”

మొగుడు సాయం చెయ్యబోయి, కార్డు ఒకసారి తీసి మళ్ళీ కెమెరాలో పెట్టి ఒక ఫొటో తీసి చూద్దామన్నాడు. ఫ్లాషమ్మ అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

“ముట్టుకున్నారంటే ఊరుకోను! ఫార్మాట్ కొడితే ఫొటోలు చావవండీ, వాటి చిరునామాలే పోతాయి. కొత్త ఫొటో వచ్చి ఆ చోట్లో కూర్చుంటేనే పాతది పోయేది. ఇంకొక్కటి తీశారంటే దేన్ని తొక్కేస్తుందో!”

కార్డు పక్కనున్న చిన్న మీటను తాళం వైపు జరిపింది, ఇక దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు. కంప్యూటర్‌కు తగిలించి, కార్డు మొత్తానికీ ఉన్నదున్నట్టు ఒక నకలు తీసింది. పోయిన ఫొటోలు వెతికే ప్రోగ్రామును ఆ నకలు మీదికి వదిలింది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న నర్సు కూడా వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడింది. చెల్లెలు లేచి రెండో పక్కకు చేరింది.

మొదటి ఫొటో తేలింది. ముఖ్య అతిథి ప్రారంభోపన్యాసం. పైన తెరిచిన నోరు, కిందంతా బూడిదరంగు. తర్వాతదీ అంతే.

“అయ్యో, పాడైపోయాయా?” అన్నాడు మొగుడు.

“పోనివ్వండి! పతకాల ఫొటోలు ఈయన నెత్తిన కూర్చున్నాయి. కార్డులో మొదటి చోటు ఈయనది కదా. పందెం చివర్లో ఉంటుంది!” ఫ్లాషమ్మ కుర్చీలో నిలవలేకపోతోంది. ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళెవరూ ఆ నష్టానికి విచారించలేదు.

ఆ తర్వాత అన్నీ నిండు ఫొటోలే. గోనెసంచుల పందెంలో బోర్లాపడ్డ ఆడిటరు. తాడు లాగుతూ ఎర్రబడ్డ మొహాలు. “వస్తున్నాయే!” అని చెల్లెలు అక్క భుజం పట్టి ఊపేసింది. మలుపు తిరుగుతున్న ఆరుగురు. ముగ్గురు. ఇద్దరు! గీతకు బారెడు దూరంలో ఇద్దరు. తర్వాతి ఫొటోలో ఇద్దరూ గీత దాటేసి ఉన్నారు.

“మధ్యది? మధ్యదేదే?” నర్సు గొంతు మొదటిసారి సన్నబడింది.

ప్రోగ్రాము కాసేపు ఊరికే గుడ్లప్పగించి చూసింది. ఆ తర్వాత ఇంకొకటి పడింది. పాత కంప్యూటర్ కదా, ఫొటోను పైనుంచి కిందికి మెల్లగా విప్పసాగింది. వానమబ్బు. రెండు నుదుళ్ళు. రెండు ముక్కులు. చెల్లెలి ముక్కు ముందుంది.

“నేనే! నేనే!” చెల్లెలు ఎగిరి గంతేసింది.

“ఆగవే! లెక్క ముక్కుది కాదు, ఛాతీది!” అంది నర్సు. నిజమే, పరుగులో ముందు ఎవరి ఛాతీ గీతకు తగిలితే వాళ్ళదే గెలుపు. స్టూడియోలో అందరూ తెర మీదికి వంగిపోయారు. మెడలు కనబడ్డాయి. భుజాలు కనబడ్డాయి. చెల్లెలు మొహం ఎత్తి, ఛాతీ వెనక్కి వేసి పరిగెడుతోంది. నర్సు తల దించి, రొమ్ము ముందుకు విసిరింది. గీత నర్సు ఛాతీ మీద ఉంది. చెల్లెలికి ఇంకా బెత్తెడు దూరం ఉంది.

“వదినా, నువ్వే! నువ్వే గెలిచావు! దొరికింది! దొరికిందండోయ్!” ఫ్లాషమ్మ నర్సును వాటేసుకుని గిరగిరా తిప్పింది. మొగుడు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఆమె చూపు చెల్లెలి మీద పడింది. చెల్లెలు తెర వైపే చూస్తూ పతకాన్ని వేళ్ళతో పట్టుకుని ఉంది. పందెం కోసం ఆ పిల్ల బస్సు డ్యూటీలు దిగి ఎన్ని సాయంత్రాలు పరిగెత్తిందో అక్కకు తెలుసు. నర్సును వదిలేసి చెల్లెలి దగ్గరకు వచ్చింది.

“ఈ ఫొటో దొరక్కపోతే ఇది నాదే కదక్కా?” అంది చెల్లెలు.

“నీదే.”

“ఆ సంగతి తెలిసే వెతికావా?”

“ఎవరు గెలిచారో ఆలోచించనేలేదే. దొరకాలి, అంతే అనుకున్నా.” ఫ్లాషమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “నన్ను దొంగ అన్నారే...”

చెల్లెలు పతకం తీసింది. ఒక్క క్షణం అరచేతిలో ఉంచుకుని నర్సు మెడలో వేసింది. “తీసుకోండి వదినగారూ, న్యాయంగా ఇది మీదే. కానీ మా అక్కను అన్న మాట ఇప్పుడే వెనక్కి తీసుకోండి. ఈ గదిలో కాదు. ఎవరి ముందు అన్నారో వాళ్ళందరికీ తెలియాలి.”

నర్సు బిక్కమొహం వేసింది. తమ్ముడి వైపు చూసింది, అతను మళ్ళీ ఫ్యాను వైపు చూశాడు. ఇక ఫోన్ తీసి పోటీల నిర్వాహకుడికి కలిపింది. అందరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

“ఫొటో దొరికిందామ్మా? ఎవరు గెలిచారు?” అవతల పెద్దాయన ఆత్రంగా అడిగాడు.

“అది తర్వాత చెప్తానండీ,” అంది నర్సు. చేత్తో మరదల్ని దగ్గరకు లాక్కుంది. “జడ్జిగారు, మా నర్సులు, ఆ కండక్టర్ అమ్మాయిలు, ఇంకా అక్కడ ఎవరెవరున్నారో అందర్నీ పిలవండి. మా మరదలు దొంగ కాదు. నా నోరే చెడ్డది. ముందు ఆ మాట వాళ్ళకి చెప్పాలి.”