పదిహేడో వంశం తలుపులు

పొద్దున్నే తజుకో చేసే మొదటి పని మల్బరీ ఆకుల తడి తుడవడం. తడి ఆకు తింటే పట్టుపురుగుకు కడుపు చెడుతుంది. తర్వాత పురుగుల ఇంటిని ఈ కొస నుంచి ఆ కొసకు ఊడ్చేది. జపాన్‌లోని క్యూషూలో ఒక యూనివర్సిటీ వెనక, రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే ఎనిమిది గదుల కొయ్య ఇల్లు అది. వీధి తలుపు మొదటి గదికి మాత్రమే ఉండేది.

ఏప్రిల్‌లో పదిహేడో నంబరు పట్టుపురుగుల వంశం గుడ్లలో పిల్లలు రూపు కట్టేటప్పుడు మాత్రం వెనక గదుల గోడలక్కూడా తలుపులు మొలిచేవి. పురుగులు గూళ్లు అల్లేదాకా ఉండి, తర్వాత మాయమయ్యేవి. దాని గురించి ఎవరూ నోరు నొప్పి పెట్టుకునేవారు కాదు. దగ్గరున్న తలుపు ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చేవారు, అంతే.

తజుకో కిందటి శరదృతువులో పనిలో చేరింది. పట్టు రైతు కూతురు. ముగ్గురు బిడ్డలు కడుపులోనే పోయారు. మూడో బిడ్డ పోయిన నెలకే అత్తగారు ఆమె బట్టలు మూటగట్టి గడప అవతల పెట్టింది.

ఆ ఏప్రిల్‌లో గుడ్లు పగిలాయి. పదిహేడో నంబరు వంశం గుడ్లంటిన కాగితపు అట్టలు కొన్నింటి మీద ఒక్క గుడ్డూ మిగలకుండా పగిలాయి. ఏడు అట్టల మీద మాత్రం పావు వంతు అలాగే ఉండిపోయాయి. పుట్టింట్లో ఇలాంటి అట్ట కనబడితే రోగం వచ్చినట్టే. ఎవరినీ అడగకుండా ముందు కాల్చేయాలి. తజుకో ఆ ఏడింటినీ, వాటి మీద పాకుతున్న నలుసంత పురుగులతో సహా, స్నానాల పొయ్యిలో వేసింది. ఊరిని కాపాడినంత తృప్తి పడింది.

మర్నాడు వెనక గోడలన్నీ ఉత్త గోడలే.

పురుగుల వంశాల్ని చూసుకునే కురోగి మాస్టారు ఉత్త కాళ్లతో వచ్చాడు. "నా బూట్లు అయిదో గది తలుపుతో పాటే పోయాయి తజుకో గారూ. పదిహేడో నంబరు అట్టలేవీ?"

"పాడైనవి కాల్చేశాను మాస్టారూ. పావు వంతు గుడ్లు చచ్చున్నాయి. మంచివన్నీ ఉంచాను."

మాస్టారు చాప మీద కూర్చున్నాడు.

"ఆ చచ్చినవే మనకు గుర్తమ్మా. పురుగు ఒళ్లంతా వరసగా కణుపులు కదా. నువ్వు ఛాతీ, నువ్వు పొట్ట అని ఒక్కో కణుపుకీ చెప్పే జన్యువులుంటాయి. ఈ వంశంలో వాటిలో ఒకటి చెడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డదే వస్తే, పొట్ట కణుపులు కూడా మేమూ ఛాతీయే అనుకుని కాళ్లు మొలిపించుకుంటాయి. ఆ పిల్ల గుడ్డు దాటి రాదు. ఒకరి నుంచే వస్తే శుభ్రంగా బతుకుతుంది, చూడ్డానికి మామూలే. పావు వంతు చచ్చిన అట్టలోనే, బతికినవాటి ఒంట్లో వంశం దాగి ఉంటుంది."

"ఇంకెక్కడా లేదా?"

"లేదు. యుద్ధంలో బాంబులు పడుతుంటే ఈ గుడ్లనే బుట్టలో పెట్టి కొండ మీద దాచాం. ఇది మీకు చెప్పాల్సిన సంగతని నాకే తోచలేదు."

తిట్టినా బాగుండేది. యూనివర్సిటీ ఆఫీసువాళ్లు మాత్రం నెలాఖరుతో మానేయమన్నారు. ఇక మిగిలింది అన్నగారిల్లు. వదిన పెట్టే ప్రతి ముద్దకీ ఓ దెప్పు నంజుకోవాలి. అదీ భరించగలదు. అత్తగారు తనను చూసిన చూపుతోనే తను ఆ అట్టల్ని చూసింది. అది మాత్రం తజుకో మింగలేకపోయింది.

అట్టలు కాల్చిన పన్నెండో రోజు పొద్దున తను అద్దెకున్న మేడ గదిలో ఆమె మూట కట్టుకుంటుంటే, ఇంటివాళ్లావిడ తోమె కింద తన టోఫు కొట్టు వదిలి మెట్లెక్కి వచ్చింది.

"ఏమ్మాయ్! అద్దెకున్నదానివి, అడక్కుండా నా గోడకి తలుపు పెట్టిస్తావా? జల్లు కొడితే చాపలెవరు మారుస్తారు, మీ మాస్టారా?"

తజుకో వెనక్కి తిరిగి చూసింది. గోడ పగులున్న చోట చిన్న తలుపు. దాని మధ్యలో ఒక గుడ్ల అట్ట.

జనవరిలో అట్టల్ని చన్నీళ్లలో కడుగుతున్నప్పుడు పదిహేడో నంబరుది ఒకటి చిరిగింది. పారెయ్యమన్నాడు మాస్టారు. గట్టి చేతికాగితం, రైతు కూతురికి చెయ్యి రాలేదు. చలిగాలి రాకుండా తన గది గోడ పగులుకి అంటించింది. కుంపటి లేని గది కాబట్టి గుడ్లు ఇప్పటిదాకా పగలకుండా ఆగాయి. ఆమె చూస్తుండగానే ఒక గుడ్డు పగిలి, నల్లటి నూలుపోగు లాంటిది బయటికొచ్చింది.

తజుకో అంచులు తడిపి అట్టను ఊడదీసింది. అన్నం కట్టుకునే గుడ్డలో చుట్టి పురుగుల ఇంటికి పరుగెత్తింది.

మూడో నాటికి పగలవలసినవన్నీ పగిలాయి. మాస్టారు కలం పట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే అయిదో గదికి తలుపు మొలిచింది. వానకు నాని బూజు పట్టిన బూట్లు గడప పక్కనే ఉన్నాయి.

"మొత్తం?"

"రెండు వందల పన్నెండు."

"పగలనివి?"

"యాభై మూడు." అట్ట మీంచి కళ్లు ఎత్తకుండానే అంది, "నావి మూడు."

మాస్టారు కలం ముంచాడు. అట్ట కింద, పెంచేవారి పేరు రాసే చోట, ఆమె పేరు రాశాడు.

"ఇలాంటి అట్టను పారెయ్యకూడదు తజుకో గారూ. ఆఫీసుతో నేను మాట్లాడతాను."

తజుకో కిమోనో చేతితో కళ్లు ఒత్తుకుని కత్తి అందుకుంది. నూట యాభై తొమ్మిది నోళ్లకి లేత ఆకును వెంట్రుకంత సన్నగా తరగడం మొదలుపెట్టింది.