సవతి బొమ్మ

సత్యనారాయణమ్మ మెడలో మంగళసూత్రాల పక్కన ఒక చిన్న బంగారు బిళ్ళ వేలాడుతూ ఉంటుంది. రెండో పెళ్ళివాడిని చేసుకున్న ఆడది, పోయిన మొదటి భార్య పేర కట్టుకునే బిళ్ళ అది. పొద్దున్నే స్నానం కాగానే పసుపూ కుంకుమా ముందు ఆ బిళ్ళకు పెట్టాలి, ఆ తరువాతే తను పెట్టుకోవాలి. పూలు తెస్తే ముందు దానికి తాకించాలి. కొత్త చీర వస్తే మడత విప్పకముందే దానికి చూపించాలి. పదిహేనేళ్ళుగా ఆమె ఈ పని ఒక్క పూట తప్పించలేదు. భక్తితో కాదు, భయంతో. తప్పిస్తే పిల్లకు జ్వరం వస్తుందని, కొట్లో మిరపకాయల బస్తాలకు నిప్పంటుకుంటుందని, మొగుడు బస్సు కింద పడతాడని ఆమె భయం.

జగ్గయ్యపేట కంసాలి ఆ బిళ్ళ మీద కళ్ళకని రెండు చుక్కలు, ముక్కుకని ఒక గీత పొడిచి, నోరు పెట్టడం మరిచిపోయాడు. అది ఆమెకు ఒక విధంగా మేలే అయింది. నోరు లేని సవతితో ఇన్నాళ్ళూ సర్దుకుపోయింది.

ఇప్పుడు ఆ సవతికి ముఖం రాబోతోంది.

అడిగింది వాసవాంబ. ఏడాది గుడ్డుగా చేతికొచ్చిన పిల్ల, ఇప్పుడు పదహారేళ్ళది. నందిగామలో మేనమామ కుటుంబరావు కొడుక్కు ఇచ్చి చేయడానికి మాటలైపోయాయి. ఒకనాడు తండ్రి భోజనం చేస్తుంటే విసనకర్ర పట్టుకుని కూర్చుని, "నాన్నా, మా అమ్మ ఎట్లా ఉండేదో ఒక్కసారి చూడాలని ఉంది. పీటల మీద కూర్చునే ముందు దణ్ణం పెట్టుకుందామంటే ఒక్క ఫోటో అయినా లేదు," అంది.

నెయ్యి వడ్డిస్తున్న సత్యనారాయణమ్మ చెయ్యి ఆగిపోయింది. మా అమ్మ అంది. మరి నేనెవర్ని?

ఫోటో లేని మాట నిజమే. ఆ మొదటి భార్య కన్యకాపరమేశ్వరికి, ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని ఆమె అమ్మమ్మ తీయించనివ్వలేదట. తీయించకుండానే పచ్చకామెర్లతో పోయింది.

దశరథరామయ్య అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "నందిగామలో ఒకడున్నాడట. ఫోటో లేకపోయినా పోయినవాళ్ళ బొమ్మలు వేస్తాడట. మీ మామయ్య చెప్పాడు," అన్నాడు. తరువాత భార్య వంక చూడకుండా, "ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలట. ఒడ్డూ పొడుగూ, నగల వరసా చూసుకోడానికి. కన్యక నగలన్నీ నీకే కదా సరిపోయాయి," అన్నాడు.

"నేనా కూర్చోవడం?"

"మరెవరు కూర్చుంటారే."

ఆ వారమంతా సత్యనారాయణమ్మ లెక్కలు వేసుకుంది. ఆ పిల్లకు మశూచి పోసినప్పుడు వేపమండ పట్టుకుని ఇరవై రోజులు కూర్చుంది తను. నడక నేర్చే వయసులో కాగే నూనె మూకుడు మీదికి పరిగెత్తిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, కుడి మణికట్టు మీద చింతాకంత మచ్చ తెచ్చుకుంది తను. ఇప్పుడు రంగుల ముఖం ఒకటి వచ్చి గోడ మీద కూర్చుని, పిల్లను రమ్మని పిలుచుకుపోతుంది. పోయేది కూడా ఎక్కడికి, ఆవిడ పుట్టింటికే.

నైజాం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు వేసవి అది. బొగ్గు బస్సులో ముగ్గురూ బయల్దేరారు. వెనక బొగ్గు కాలే డబ్బా పేలిపోతుందేమోనని సత్యనారాయణమ్మ వాసవాంబను ముందు సీట్లో కూర్చోబెట్టింది. చిల్లకల్లు దాటాక పిల్ల ఆమె చెవి దగ్గరకు వంగి, "అమ్మా, అమ్మ పొడుగా?" అని అడిగింది.

"నాకేం తెలుసే. మీ నాన్ననడుగు."

తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదంతే.

బొమ్మలవాడి పేరు బసవయ్య. రజాకార్ల గొడవల్లో నైజాం వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చి నందిగామలో నిలిచిపోయాడు. ఒక గది ఇల్లు. గుమ్మం దగ్గర సగం రాసిన సోడా కొట్టు బోర్డు, లోపల గోడల నిండా రంగు ఆరుతున్న పోయినవాళ్ళు. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళందరూ మెడ కాస్త పక్కకు తిప్పి, ఎవరో పిలిస్తే లేవబోతున్నట్టు ఉన్నారు. కుటుంబరావూ అతని భార్యా ముందే వచ్చి కూర్చున్నారు.

"రా అమ్మా సత్యం. మా చెల్లెలే నడిచొచ్చినట్టుంది, ఆ వంకీలూ ఆ కాసులపేరూ," అన్నాడు కుటుంబరావు.

సత్యనారాయణమ్మ పళ్ళు బిగించి స్టూలు మీద కూర్చుంది. బసవయ్య ఆమె చేతులు ఒళ్ళో ఎలా పెట్టుకోవాలో చెప్పి, కాగితం మీద బొగ్గుతో గీస్తూ అడగడం మొదలుపెట్టాడు.

"రంగు చెప్పుండ్రి."

"పచ్చని పసిమి," అన్నాడు దశరథరామయ్య.

"చామనచాయ కదూ బావా?" అన్నాడు కుటుంబరావు.

"చామనచాయా? ఏమో. ఎండలో అట్లా కనపడేదేమో."

"ముక్కు?"

దశరథరామయ్య చాలాసేపు ఆలోచించాడు. "ముక్కు మామూలే. ముక్కులాగానే ఉండేది."

కుటుంబరావు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కాపరం చేసిన మనిషి చెప్పే మాటేనా అన్నయ్యగారూ ఇది?"

"రెండేళ్ళేగా తల్లీ చేసింది. అందులోనూ పగలు కొట్లో, రాత్రి చీకట్లో."

ఒక్కో ప్రశ్నకూ మొగుడు తడుముకుంటుంటే సత్యనారాయణమ్మకు లోపల పండగగా ఉంది. మరిచిపోయాడు. పూర్తిగా మరిచిపోయాడు. ఆ సంతోషం చల్లారకముందే ఇంకో మాట తోచింది. రేపు నేను పోతే నా ముక్కు కూడా ముక్కులాగానే ఉండేదంటాడు కాబోలు.

మొగవాళ్ళు విసుగెత్తి అరుగు మీదికి పోయి ముహూర్తాల మాటల్లో పడ్డారు. కుటుంబరావు భార్య వాసవాంబను గాజుల కొట్టుకు తీసుకుపోయింది. బసవయ్య బొగ్గుముక్క అరగదీసుకుంటూ కూర్చున్నాడు.

"వీళ్ళందరికీ మెడ ఒకే రకంగా వేశావేం?" అని అడిగింది సత్యనారాయణమ్మ, ఊరికే ఉండలేక.

"మా అమ్మదమ్మా ఆ మెడ. నేను ఊరిడిసి వచ్చిననాడు ఇంటి కడప మీద కూసోని గట్లనే మెడ తిప్పి చూసింది. మల్ల పోయేసరికి ఇల్లున్నది, అమ్మ లేదు. ఏ బొమ్మ పట్టుకున్నా మెడ గట్లనే తిరుగుతది. నా చెయ్యి నా మాట ఇనదు."

"మరి మీ అమ్మ బొమ్మ వేసుకోకపోయావా?"

"ఏసిన. మెడ వచ్చింది, మొకం రాలె. రోజూ చూసే మొకాన్ని ఎవలు పట్టి పట్టి చూస్తరు?" అని అతను తల ఎత్తాడు. "మీరెన్నడన్న చూసిండ్రా అమ్మా ఆమెను?"

చూసింది. ఒక్కసారే చూసింది. తనకు పద్నాలుగేళ్ళప్పుడు, వేదాద్రి తిరునాళ్ళలో, కృష్ణ ఒడ్డు మెట్ల మీద. చంటిపిల్ల కాళ్ళు కడుగుతూ ఉంది కన్యకాపరమేశ్వరి. ఆ మెడ, ఆ మెడలో కాసులపేరు, ఆ పట్టుచీర అంచు నీళ్ళల్లో తేలడం, అన్నీ కళ్ళతో తాగేసినట్టు చూసింది. ఇంత భాగ్యం ఒకళ్ళకే ఉండాలా అనుకుంది. కన్యకాపరమేశ్వరి తలెత్తి, "కాస్త పట్టుకో అమ్మాయ్, కొంగు పిండుకుంటా," అని పిల్లను తన ఒళ్ళో పెట్టింది. అయిదు నెలలు తిరక్కుండా ఆమె పోయింది. ఏడాది తిరక్కుండా ఆ మెడలోవన్నీ తన మెడలోకి వచ్చాయి. తన దిష్టే తగిలిందని ఎవరైనా అంటారని హడలిపోయి సత్యనారాయణమ్మ ఆ సంగతి కన్నతల్లికి కూడా చెప్పలేదు. అంతలా చూసిన ముఖం గనక ఇవాళ్టికీ గీతగీతా గుర్తుంది.

"చూశా," అంది మెల్లగా. "చెబుతా, రాసుకో. ముక్కు లావు. పై పెదవి ముందుకొచ్చి ఉంటుంది. నుదురు ఇంతే, రెండు వేళ్ళు. కళ్ళు కాస్త లోపలికి."

చెబుతుంటే నోటికి తీపిగా ఉంది. ఒక్కో గీతా బొగ్గు కింద నిజమైపోతోంది.

అందరూ లోపలికి వచ్చేసరికి కాగితం మీద ఒక ముఖం తయారైంది. బసవయ్య దాన్ని వెలుగులోకి తిప్పాడు. సత్యనారాయణమ్మ ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"ఆఁ, ఇదే," అన్నాడు దశరథరామయ్య. "ఇట్లాగే ఉండేది. ఇప్పుడు గుర్తొచ్చింది."

"అవునవును. మా నాయనమ్మ నోరు," అన్నాడు కుటుంబరావు.

ఒక్కళ్ళయినా కాదనలేదు. ఇక ఇదే ముఖం. పెళ్ళిలో దీనికే దణ్ణం, రేపు నందిగామ ఇంట్లో దీనికే దీపం.

వాసవాంబ మాత్రం దగ్గరకు జరిగింది. కాగితం వంక చూసింది. తన ముక్కు తడుముకుంది. గోడకు తగిలించిన బసవయ్య అద్దం తీసుకుని వెలుగు వైపు తిరిగి తన ముఖం చూసుకుంది, మళ్ళీ కాగితం చూసింది. అద్దం మెల్లగా మేకుకు తగిలించి, "మా అమ్మ పోలిక నాలో ఒక్కటీ లేదన్నమాట," అంది, ఎవరితోనూ కాక.

చిన్నప్పుడు బొమ్మ విరిగినా ఏడవని పిల్ల అది. దిగమింగుకోవడం అలవాటు. దిగమింగేటప్పుడు పెదవులు బిగిస్తుంది. బిగిస్తే ఎడమ బుగ్గన, ఒక్క ఎడమ బుగ్గనే, సొట్ట పడుతుంది. కొంగు పిండుకున్నప్పుడు కన్యకాపరమేశ్వరికి పడిన సొట్ట అదే.

సత్యనారాయణమ్మ మెడలో బిళ్ళ చల్లగా తగిలింది. దానికి నోరు లేదు. చెప్పవలసింది తనే.

"ఆ బొమ్మ తప్పు," అంది.

"ఏమిటే?" అన్నాడు దశరథరామయ్య.

"తప్పు చెప్పా. ఆమె అట్లా ఉండదు. దీని ముఖమే. ఈ ముక్కే, ఈ నుదురే. పెదవి బిగిస్తే ఎడమ పక్క మాత్రమే సొట్ట. దీన్ని కూర్చోబెట్టుకుని వెయ్యి బసవయ్యా."

"నువ్వెప్పుడు చూశావే కన్యకను?"

చెప్పేసింది. వేదాద్రి మెట్లు, కాసులపేరు, ఒళ్ళో పెట్టిన పిల్ల. చెబుతున్నంతసేపూ నేల వంకే చూసింది.

"పదిహేనేళ్ళు కడుపులో దాచుకున్నావా వదినా," అంది కుటుంబరావు భార్య సాగదీస్తూ. "అయిదు నెలల్లోనే పోయిందన్నమాట, నువ్వు చూశాక."

అనుకున్నంతా అయింది.

వాసవాంబ అత్తగారి మాట విన్నట్టే లేదు. "అయితే నన్ను అప్పుడే ఎత్తుకున్నావా నువ్వు?" అంది.

"కాసేపేలే."

"ఏడ్చానా?"

"లేదు. గాజు పట్టుకు లాగావు."

కుటుంబరావు గొంతు సవరించుకుని భార్యను కాఫీ సంగతి చూడమన్నాడు. బసవయ్య పాత కాగితంలో ముఖం మటుకు చింపేసి, చేతులూ నగలూ ఉన్న ముక్కను దాచుకుని, పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాడు.

నెల తరువాత కబురు వచ్చింది. ఈసారి సత్యనారాయణమ్మ అందరికంటే ముందు లోపలికి నడిచింది. గుడ్డ మీద, రంగుల్లో, కన్యకాపరమేశ్వరి కూర్చుని ఉంది. బసవయ్య తల్లి మెడ, వాసవాంబ ముఖం, ఎడమ బుగ్గన సొట్ట. పదిహేనేళ్ళ కిందటి కుళ్ళు కొత్తగా పుట్టినట్టు కడుపులో మండింది. ఎంత బాగుందో. ఇంత బాగా గుర్తుపెట్టుకుని చెప్పడం ఎందుకొచ్చిన పని తనకు? ఏ కంటో కాస్త మెల్ల పెట్టించినా సరిపోయేది.

కళ్ళు కిందికి దించుకుంది. ఒళ్ళో ఉన్న చేతులు తనవి. వంకీలూ గాజులూ కన్యకవి. కుడి గాజు కాస్త పైకి జరిగిన చోట, మణికట్టు మీద, చింతాకంత మచ్చ.

బసవయ్య కూడా అటే చూశాడు. "మీ చెయ్యి చూసి ఏసిన కదమ్మా, అది కూడ పడ్డది. ఆమెకు ఉండకపోవచ్చు. ఒక్క పూత పెడితే పోతది," అని కుంచె తీశాడు.

సత్యనారాయణమ్మ గుమ్మం వైపు చూసింది. చెప్పుల చప్పుడు దగ్గరకొస్తోంది.

"ఉండనియ్యి," అంది.

అందరూ వచ్చారు. దశరథరామయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. కుటుంబరావు దగ్గరకు పోయి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరకు పోయి, వేలితో చూపించాడు. "బావా, మా చెల్లెలికి చేతి మీద మచ్చ ఉండేదా?"

దశరథరామయ్య వంగి చూశాడు. "ఏమో. ఉన్నట్టే జ్ఞాపకం."

"ఉంది అన్నయ్యా," అంది సత్యనారాయణమ్మ. "మీరు మరిచిపోయారు. నూనె పడి కాలింది."

కుటుంబరావు ఇంకా తల గోక్కుంటూనే ఉన్నాడు. వాసవాంబ బొమ్మ ముందుకు వచ్చింది. ముఖం వంక చాలాసేపు చూసింది. తరువాత చేతుల వంక చూసింది. ఆ మచ్చ ఎవరిదో, ఎందుకు పడిందో ఆ ఇంట్లో పిల్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టుకునే నిద్రపోయేది. పిల్ల పెదవులు బిగించింది. సొట్ట పడింది.

ఇప్పుడు అందరి ముందూ అడుగుతుందనుకుంది సత్యనారాయణమ్మ.

"ఉంది మామయ్యా. మా అమ్మ చేతికి ఉంది, నాకు తెలుసు," అంది వాసవాంబ. "ఆ మచ్చ అట్లాగే ఉండాలి."

సత్యనారాయణమ్మ తన కుడిచేతి గాజులను మెల్లగా కిందికి జరుపుకుంది.