తల్లి దగ్గు

తూనీగను ఆ రోజు పొద్దున ఇంట్లోంచి కదిలించేసరికి తల్లికి తాతలు దిగివచ్చారు. ఒక కాలికి సాక్స్ తొడిగి, రెండోది చేత్తో పట్టుకుని, కిటికీ అవతల గోడ మీద నడుస్తున్న పిల్లిని చూస్తూ ఉండిపోయింది పిల్ల. పదమూడేళ్లు. తూనీగ అన్నది నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. ముద్దు నాయనమ్మది, వెంట పరుగు తల్లిది.

బడిలో హెడ్‌మిస్ట్రెస్ ఖరాఖండిగా చెప్పేసింది. పోయిన పరీక్షల్లో పిల్ల సగం పేపరు తెల్లగా ఇచ్చి వచ్చింది. ఈసారీ అంతే అయితే మళ్లీ అదే తరగతి. ఏడీహెచ్‌డీ అనే ధ్యాస నిలవని సమస్యేమో పరీక్ష చేయించి, సైకాలజిస్టు చేత రిపోర్టు రాయించుకొస్తే వేరే గది ఇస్తాం, ఎక్కువ సమయం ఇస్తాం, లేదంటే మా చేతుల్లో ఏమీ లేదు అంది.

"నిక్షేపంలాంటి పిల్లకి లేని రోగం అంటగట్టుకొస్తావా?" అని గుమ్మంలోనే సణిగింది నాయనమ్మ. తల్లి రెండో సాక్స్ తనే తొడిగి, పిల్లను బస్సెక్కించింది.

బస్సులో మాత్రం నోరు ఊరుకోలేదు. "అక్కడ కుదురుగా కూర్చో. దిక్కులు చూడకు. అడిగింది చెయ్యి. మన పరువు తియ్యకు."

"బాగా చేస్తే ఏమీ లేదని రాస్తారు కదమ్మా?"

"వాళ్లేం రాస్తారో వాళ్ల తలనొప్పి. నువ్వు మాత్రం బాగా చెయ్యి," అంది తల్లి.

సైకాలజిస్టు గది మూడో అంతస్తులో ఉంది. బల్ల, కంప్యూటరు, నాలుగు కుర్చీలు, అంతే. గోడకున్న మేకుకి గడియారం కూడా లేదు, పిల్లలు దాన్నే చూస్తూ కూర్చుంటారని తీసేశారట. ఆవిడ కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని ముందు పిల్లతో కాసేపు కబుర్లు చెప్పింది. అమ్మ ఉంటేనే చేస్తానంది పిల్ల.

"సరే, ఉండనిద్దాం. కానీ మీరు వెనకాల కూర్చోవాలి, ఒక్క మాట కూడా మాట్లాడకూడదు," అంది ఆవిడ.

"నోట్లోంచి మాట వస్తే అడగండి," అంది తల్లి.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే మెరుస్తాయి. ఒకే ఒక్క అక్షరానికి తప్ప మిగతా అన్నిటికీ మీట నొక్కాలి. చూస్తుంటే తల్లికే కునుకు పట్టేలా ఉంది. పిల్ల మాత్రం నొక్కుకుంటూ పోయింది. మధ్యలో చూపు పక్కకి జారినా వెంటనే తెర మీదికి వచ్చేది. ఇంట్లో ఒక్క లెక్క పూర్తిగా చెయ్యని మహాతల్లి ఇక్కడ ఇంత బుద్ధిమంతురాలైంది. తల్లికి గర్వంగానూ ఉంది, ఒళ్లు మండుతూనూ ఉంది.

పరీక్ష అయ్యాక సైకాలజిస్టు తెర చూసి, "దీన్లో మాత్రం పెద్దగా ఇబ్బందేమీ కనబడలేదు," అంది.

అంతే, తల్లి ఓర్పు తెగిపోయింది. "కనబడలేదా? మా ఇంటికి రండి మేడమ్, కనబడుతుంది. మంచినీళ్లు తెమ్మంటే వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానా అని నిలబడుతుంది. ఈ ఏడాది గొడుగులు ఎన్ని పారేసిందో దానికే తెలీదు. పొద్దున లేచింది మొదలు దీని వెనక తిరిగి తిరిగి నా కాళ్లరిగిపోయాయి. ఇక్కడికొచ్చేసరికి బంగారుబొమ్మైపోయిందా?"

"బాగా చెయ్యమన్నది నువ్వే," అని గొణిగింది తూనీగ.

ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "మీకు జలుబు చేసిందా?" అని అడిగింది.

"లేదే. ఎందుకు?"

"పాప చూపు పక్కకి పోయినప్పుడల్లా మీరు దగ్గుతున్నారు. మీరు దగ్గగానే తను తిరిగి తెర చూస్తోంది."

తల్లి తెల్లబోయింది. తను దగ్గిన సంగతే తనకు తెలీదు. పిల్ల హోంవర్కు దగ్గర కూర్చున్నప్పుడు వంటింట్లోంచి కేకేస్తే అత్తగారు, "దాన్ని కరవకే," అనేది. దాంతో తను కేకలు మానేసి దగ్గడం మొదలుపెట్టింది. ఎన్నేళ్లైందో, అది ఎప్పుడు అలవాటైందో.

"కాసేపు ఆగి ఇంకో పరీక్ష పెడతాను. ఈసారి మీరు బయట కూర్చోండి."

బయట బెంచీ మీద కూర్చుందో లేదో, తల్లి గొంతులో గరగర మొదలైంది. బయటి బల్ల దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయిని, "ఇక్కడ దగ్గితే లోపలికి వినబడుతుందా?" అని అడిగింది.

"వినబడుతుంది ఆంటీ. మొన్న నేను తుమ్మితే మేడమ్ కోప్పడ్డారు."

చేత్తో నోరు మూసుకుని మెట్లన్నీ దిగి, వీధిలోకి వచ్చి కళ్లనీళ్లు తిరిగేలా దగ్గింది. కింద పంక్చర్లు వేసే అతను నీళ్ల సీసా చేతికిచ్చాడు.

తిరిగి పైకి వెళ్లేసరికి తూనీగ మొహం వేలాడేసుకుని కూర్చుని ఉంది. "నువ్వు దగ్గలేదేంటమ్మా? నేను దానికోసమే చూస్తూ ఉన్నా."

"రెండిటికీ చాలా తేడా ఉంది," అంది సైకాలజిస్టు. "ఒక్క పరీక్షతో తేల్చను. బడి వాళ్లతో మాట్లాడతాను, ఇంకో రోజు మీ ఇద్దర్నీ కూర్చోబెట్టి అడుగుతాను. కానీ ఈ రెండుసార్లూ చూసింది మాత్రం రిపోర్టులో ఉంటుంది. వేరే గది, ఎక్కువ సమయం, మధ్యమధ్యలో గుర్తుచెయ్యడానికి ఒక టీచరు కావాలని రాయగలననే అనుకుంటున్నాను."

"ఇన్నాళ్లూ నేనే చెడగొట్టానా మేడమ్?"

"మీరు లాక్కొచ్చారు కాబట్టే ఇంతదూరం వచ్చింది. పరీక్ష హాల్లోకి మిమ్మల్ని రానివ్వరు, అదే చిక్కు."

బస్టాపులో తూనీగ చేతులూపుకుంటూ నిలబడింది. భుజాన సంచీ లేదు, పైన సైకాలజిస్టు గదిలో కుర్చీకి వేలాడుతోంది. తల్లి ఆ సంగతి మెట్ల దగ్గరే చూసింది. ఎప్పటికి గుర్తొస్తుందో చూద్దామని పళ్లబిగువున ఊరుకుంది. బస్సు మలుపు తిరిగింది. పిల్ల ఎక్కడానికి అడుగు ముందుకేసింది.

తల్లి దగ్గింది.

పిల్ల ఆగి, భుజం తడుముకుని, "అబ్బా, సంచీ," అంటూ వెనక్కి పరిగెత్తింది. బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది. తల్లి గొంతు సవరించుకుంటూ బెంచీ మీద కూలబడింది.