సెవెరిన్ దొరికిన వేసవి

గ్రున్‌జే ఊరికి ఆల్బిన్ ఇరవై రెండేళ్ళుగా వస్తున్నాడు గానీ, అక్కడి సరస్సు నీళ్ళు ఏ రంగులో ఉంటాయో ఆయనకి తెలియదు. రావడం ఎప్పుడూ ఫిబ్రవరిలోనే. లింజ్‌లో ట్రామ్ నడిపేవాడు. ఏడాదికోసారి వారం సెలవు పెట్టి, కొడుకు సెవెరిన్‌ని వెంటేసుకుని స్కీయింగ్‌కి వచ్చేవాడు. అప్పటికి సరస్సు గడ్డకట్టి, పైన మంచు కప్పుకుని ఉండేది. భార్య పోయిన ఏడాది కూడా ఆ రాక మానలేదు. కొడుకు కాళ్ళకి మొదటిసారి స్కీలు బిగించింది ఆయనే. పదహారేళ్ళు వచ్చేసరికి వాడు తండ్రిని దాటుకుని దిగిపోయి, కింద నిలబడి, "నాన్నా, ట్రామ్ లేటు!" అని కొండంతా వినబడేలా అరిచేవాడు.

ఈ ఏడాది వాళ్ళతో పౌలా కూడా వచ్చింది. సెవెరిన్ పెళ్ళాడదామనుకున్న పిల్ల, గ్రాజ్‌లో టీచరు. నాలుగో రోజు మోకాలు నొప్పని ఆల్బిన్ గదిలోనే ఉండిపోయాడు. వాళ్ళిద్దరూ కేబుల్ కార్‌లో పైకి వెళ్ళి, గుర్తులు పాతిన దారి వదిలేసి, శిఖరం వెనక లోయలోకి దిగారు. ముందు పౌలా దిగింది. వెనక సెవెరిన్ వస్తూండగా పైనుంచి మంచుచరియ విరిగిపడింది. జాడ తెలిపే పరికరమైనా వాడి ఒంటిమీద లేదు.

తొమ్మిది రోజులు వెతికారు. కుక్కల్ని తెచ్చారు, పొడుగాటి ఇనప చువ్వలు దించి చూశారు. పదోరోజు మళ్ళీ మంచు కురవడం మొదలైంది. వెతికేవాళ్ళ నాయకుడు టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఇక మంచు కరిగాకేనండీ" అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళు దిగిన బస ఇంటి వాకిట్లో, అందరూ చూస్తుండగా, ఆల్బిన్ పౌలాని నిలదీశాడు.

"దారి వదిలి పోదామన్నది ఎవరు?"

"నేనే."

"అయితే నీ మొహం నాకు చూపించకు. వాడు అక్కడ, నువ్విక్కడ!"

పౌలా చేతి తొడుగులైనా తియ్యకుండా అలాగే నిలబడిపోయింది.

జూన్ నెలాఖరులో బస ఇల్లు నడిపే బుర్గి ఫోన్ చేసింది. "ఆల్బిన్ గారూ, దొరికాడు. వచ్చెయ్యండి."

రైలు దిగి ఆల్బిన్ దిమ్మెరపోయాడు. సరస్సు పచ్చగా మెరుస్తోంది. పిల్లలు చెక్క వంతెన మీంచి కేకలు పెడుతూ నీళ్ళలోకి దూకుతున్నారు. ఐస్‌క్రీమ్ బండి దగ్గర పెద్ద వరస. మంచు తప్ప ఇంకేమీ లేదనుకున్న కొండల మీద ఆవులు మేస్తున్నాయి. అందరి మీదా కోపం వచ్చింది ఆయనకి. తర్వాత ఆ కోపానికే సిగ్గేసింది.

ముందు చర్చి వెనక గదికి వెళ్ళి కొడుకుని చూశాడు. నాలుగు నెలలు మంచులో ఉన్నా మొహం చెక్కుచెదరలేదు. రెండు రోజుల గడ్డం ఉంది. "గీసుకోమని చెప్పాను కదరా" అన్నాడు ఆల్బిన్. 

బుర్గి వంటింట్లో కూర్చోబెట్టి సూప్ పోసింది. ఊరికే కూర్చోలేని మనిషి ఆవిడ. "ఈ వేసవి జనం చలికాలం వాళ్ళకన్నా నయమనుకున్నారా? వాళ్ళు బూట్లతో నా మెట్లు అరగ్గొడితే, వీళ్ళు తడికాళ్ళతో ఇల్లంతా చెరువు చేస్తారు. తాగండి, చల్లారిపోతుంది."

"బుర్గీ, వాడిని చూసింది ఎవరు? పశువుల కాపర్లా?"

గరిటె కింద పెట్టింది బుర్గి. "పౌలా."

ఆల్బిన్ తలెత్తాడు.

"ఏప్రిల్‌లో ఉద్యోగం మానేసి వచ్చేసిందండీ. పడవలు అద్దెకిచ్చే చోట పని చేస్తోంది. సెలవు దొరికితే చాలు, కర్ర పట్టుకుని ఆ లోయలోకి. వద్దన్నాం, తిట్టాం. వింటేనా! మొన్న గురువారం మంచులోంచి బయటికొచ్చిన చెయ్యి చూసిందట. మనుషులు వచ్చేదాకా ఆ చెయ్యి పట్టుకునే కూర్చుంది."

ఆల్బిన్ సూప్ ముట్టలేదు. లేచి పడవల దగ్గరికి నడిచాడు.

పౌలా ఒక పడవలో నీళ్ళు తోడుతోంది. ఎండకి నల్లబడింది, చిక్కిపోయింది. ఆయన్ని చూసి డబ్బా పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నిన్ను క్షమించానని చెప్పడానికి రాలేదు. క్షమించానో లేదో నాకే తెలీదు" అన్నాడు ఆల్బిన్.

"సరేనండీ."

"ఆఖరుగా ఏమన్నాడు?"

 "'ఇటు వచ్చామని నాన్నకి చెప్పకు, తిట్టి చంపుతాడు' అన్నాడు. నవ్వాడు. నేను దిగిపోయాను."

ఆల్బిన్ పడవ అంచు మీద కూర్చుండిపోయాడు. "తిట్టేవాణ్ణే" అన్నాడు. "వారం రోజులు తిట్టేవాణ్ణి." ఫిబ్రవరి నుంచీ కంటతడి పెట్టని మనిషి అక్కడ, పడవల కోసం నిలబడ్డ వాళ్ళందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాడు. పౌలా ఆయన్ని తాకలేదు. జనానికి అడ్డంగా వచ్చి, వీపు వాళ్ళ వైపు పెట్టి నిలబడింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ లోయలోకి నడిచారు. ఆయన మోకాలి సంగతి తెలుసు కాబట్టి, ఆయన అడక్కుండానే పౌలా మలుపు మలుపుకీ ఆగుతూ వచ్చింది. లోయ అడుగున మురికి పట్టిన మంచు ఇంకా కొంచెం మిగిలి ఉంది. దాని కిందనుంచి నీళ్ళు పారుతున్న చప్పుడు. పౌలా ఒక రాయి చూపించింది. ఆల్బిన్ దాని మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఇంతేనా, ఇంత చిన్న చోటా అనిపించింది.

దిగేటప్పుడు పౌలా అడిగింది. "అంత్యక్రియలకి నేను లింజ్ రావచ్చా?"

"మంగళవారం, పదకొండింటికి" అన్నాడు.

వచ్చింది. చర్చిలో ఆఖరి వరసలో కూర్చుంది. ఆల్బిన్ లేచి, బంధువులందరినీ దాటుకుంటూ వెళ్ళి, మోచెయ్యి పట్టుకుని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చెల్లెలు చెవిలో ఏదో అనబోతే, "నోరు ముయ్యి" అన్నాడు.

ఆ తర్వాత పౌలా గ్రాజ్ వెళ్ళి మళ్ళీ బళ్ళో చేరింది. ఆల్బిన్ స్కీలు ఎవరికో ఇచ్చేశాడు. చలికాలంలో ఆ ఊరు ఇక వెళ్ళలేదు. ఏటా జూన్‌లో మాత్రం వెళ్తాడు. పౌలా ఓ రెండేళ్ళు వచ్చింది. మూడో ఏడాది, పెళ్ళి కుదిరింది, రాలేనని ఉత్తరం రాసింది. ఆల్బిన్ ఆ ఉత్తరం సరస్సు ఒడ్డున కూర్చుని రెండుసార్లు చదువుకున్నాడు. కాగితం తెచ్చుకుని, "సుఖంగా ఉండమ్మా" అని జవాబు రాశాడు. ఆ పైన ఒక్క మాటైనా ఆయనకి తోచలేదు.