కొత్తిమీర కొత్త

సుక్రు కొత్తిమీరను పీకడు, కోస్తాడు. ఎడమచేత్తో గుప్పెడు కాడలు పట్టి, నేలకు రెండు వేళ్ళ ఎత్తున కొడవలి ఆనించి లాగుతాడు. అరకులోని ఆ అతిథిగృహం పెరట్లో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. పెరటి చివర పనిముట్ల గదిలోనే కాపురం. బొటనవేలి గోరు పచ్చబడి చాలా కాలమైంది.

ఆ ఏడాది పుష్యం వచ్చినా చలి ముదరలేదు. మంచు ఎనిమిదింటికే విడిపోతోంది. ఆ వెచ్చదనానికి మడులన్నీ తొందరపడి పూతకొచ్చాయి. లేత ఆకు మిగిలింది గోడవార ఒక్క మడిలోనే. అదీ ఈ రోజుతో సరి.

"ఏటి తాతా, కోత్తన్నావా, దువ్వుతన్నావా? బేగి తే, సాంబారు మరిగిపోతంది!" వంటింటి గుమ్మంలోంచి కేకేశాడు వంటమనిషి బుజ్జిబాబు.

సుక్రు కట్ట అందించి అక్కడే నిలబడ్డాడు.

"బాబూ, ఇది తింటే ఎలాగుంటాది?"

బుజ్జిబాబు చేతిలో గరిటె ఆగింది. "ఇన్నేళ్ళూ తిన్లేదేటి?"

"కొత్త పెట్టలేదు గదా."

కొండమీద సుక్రు వాళ్ళ ఊళ్ళో సామలైనా చిక్కుళ్ళైనా కొత్తల పండగ చేసి, దేవతకు పెట్టాకే నోట పెడతారు. కొత్తిమీర వాళ్ళ పంట కాదు. దానికెవరూ కొత్త పెట్టలేదు. అందుకే వంటింట్లో ఎవరు కూర ఇస్తామన్నా వద్దని, సుక్రు తన చోడిపిండి అంబలే తాగేవాడు.

"పేరులోనే కొత్త ఉంది గదా తాతా, మళ్ళీ ఏటి పెట్టీది!" బుజ్జిబాబు పగలబడి నవ్వాడు.

సుక్రూ నవ్వాడు. "ఈ పొద్దు నానే పెడతాను. ఒక్కడే తినకూడదు, రెండో మనిషుండాల. మా ముసిల్ది పోయింది. నువ్వొత్తావా?"

"వత్తాన్లే. రైలు దిగినోళ్ళకి వడ్డించీసి వత్తాను."

భోజనాల తర్వాత కాఫీలు, కాఫీల తర్వాత పకోడీలు. బుజ్జిబాబుకు ఆ మాట మళ్ళీ గుర్తురాలేదు.

సుక్రు తన గది అరుగు తుడిచాడు. చివరి గుప్పెడు కోసి, నాలుగాకులు దేవతకని నేలమీద పెట్టాడు. అడ్డాకులతో రెండు దొప్పలు కుట్టాడు. ఎండ గోడ దాటేదాకా వంటింటి వైపే చూశాడు. తర్వాత అరుగు స్తంభానికి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పుదీనా కోసం వచ్చిన బుజ్జిబాబు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం పట్టి కదిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అరుగుమీద రెండు దొప్పలున్నాయి, అంచులదాకా అంబలి, పైన సన్నగా తరిగిన కొత్తిమీర. సుక్రు దగ్గరున్న దాంట్లోనూ వేలు పెట్టిన గుర్తు లేదు. ఎదుటి దొప్ప చుట్టూ, చీమలు పట్టకుండా గీసిన బూడిద గీత ఎక్కడా చెరగలేదు.