మేడమీది ప్లాస్టిక్ గడ్డి

మా కొట్టును ముంచింది వాన కాదు. మీరిద్దరూ! మేడమీది మట్టిని తోడేసిన ఓనరూ, మేడమీది తోట తనిఖీకొచ్చి, మెట్లెక్కడానికి బద్ధకించి పక్క భవనం కిటికీలోంచి తొంగిచూసి "పచ్చగానే ఉంది" అని సంతకం గీకిన మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరూ!

ఆ మేడమీద జానెడు లోతు మట్టి ఉండేది. ఎంత వాన పడినా ముందు ఆ మట్టీ, దానిమీది గడ్డీ, మొక్కలూ తాగేవి. మిగిలింది తీరిగ్గా పైపులోంచి దిగేది. ఆ పైపు పక్కనే, కింది గదిలో, అక్కా నేనూ బట్టలు కుట్టేవాళ్లం. ఏ వానకీ మా కాలు తడవలేదు.

పార్టీలకు అద్దెకివ్వాలని ఓనరు మట్టంతా ఎత్తించి టైల్స్ వేయించాడు. వాటిమీద ప్లాస్టిక్ గడ్డి చాప పరిచాడు. మొదటి పెద్ద వానకే మేడమీది నీళ్లన్నీ ఒక్కసారిగా మా గుమ్మంలోకి దూకాయి. మిషన్ల మోటార్లు మునిగాయి. కత్తిరించి పెట్టిన స్కూలు యూనిఫారాల గుడ్డంతా బురద. అక్క ఏడవను కూడా లేదు, గుడ్డ పిండుతూ కూర్చుంది. ఇంకో వాన వస్తే కొట్టు మిగలదు.

ఓనరు దగ్గరికెళ్లాను. నవ్వాడు.

"వాన నేను కురిపించానా తల్లీ?"

"మట్టి తీయించింది మీరే కదండీ."

"నోరు బాగానే లేస్తోందే! పోయి కుట్టుపని చూసుకో."

చూసుకున్నాను. పైపుల పని చేసే బావను పిలిచాను.

"ఈ పైపు మలుపు, ఎల్బో, అటు తిప్పితే నీళ్లు నేరుగా పక్కనున్న ఓనరు ఆఫీసులోకే పోతాయి మరదలా. గొడవైపోతుంది."

"అందుకేగా పిలిచింది. తిప్పు బావా."

అక్క రెంచీ అందించింది.

మళ్లీ వాన పడిన సాయంత్రం మేడమీద టార్పాలిన్ పందిరి కింద పార్టీ. పైన పాటలు, కింద ఓనరు ఆఫీసులో మోకాలి లోతు నీళ్లు. ప్యాంటు మడుచుకుని పరుగెత్తుకొచ్చాడు.

"పైపు ఎవత్తే తిప్పింది?"

"వాన నేను కురిపించానా అన్నయ్యా?"

అక్క పగలబడి నవ్వింది. కొట్టు మునిగాక తను నవ్వడం అదే మొదలు. నా కడుపు నిండింది. జాలా? రవ్వంత కూడా రాలేదు.

"పోలీసుల్ని పిలుస్తా!"

"పిలవండి. ఇన్‌స్పెక్టర్నీ పిలవండి. ఈసారి మెట్లెక్కిద్దాం."

ఇక మీరిద్దరూ వినండి. ఆ చాప ఈ రోజే చుట్టి అవతల పారేయండి. టైల్స్ పీకండి. ఇన్‌స్పెక్టరుగారూ, మోకాళ్లు నొప్పెట్టినా పైకెక్కండి, మట్టిలో వేలు గుచ్చి చూశాకే సంతకం పెట్టండి. అంతవరకూ పైపు అటే ఉంటుంది. మబ్బు పడుతోంది. రెంచీ నా దగ్గరే ఉంది. మట్టి పోయండి, మొక్కలు నాటండి, ఇప్పుడే!